మనవాడు, మీవాడు

ఆటలో జరిగిన మోసం గురించి మా ఇంట్లో వాదం లేచిందంటే, అది ఎక్కడెక్కడో తిరిగి చివరకు ఒకే మాట దగ్గర ఆగుతుంది: “మనవాణ్ణి కావాలనే ఇరికించారు.” ఆ “మనవాడు” ఎవరన్నది వయస్సును బట్టి మారుతుంది. పెద్దలకు అతడు క్రికెట్ ఆటగాడు. పిల్లలకు ఫుట్‌బాల్ ఆటగాడు. అందులోనూ ఒకరికి అర్జెంటీనా సొంతం, మరొకరికి ఇంగ్లండులోని ఏదో ఒక క్లబ్బు సొంతం. చీపురుపల్లిలో పుట్టి పెరిగిన పిల్లవాడికి మాంచెస్టరు నగరం ఎలా సొంతమైందని అడిగితే సమాధానం రాదు, నవ్వు వస్తుంది. అయినా 2023 ఫిబ్రవరిలో ఆ నగరపు క్లబ్బుపై ఆర్థిక నిబంధనల ఉల్లంఘన ఆరోపణలు వందకు పైగా మోపారన్న వార్త వచ్చినప్పుడు, ఆ పిల్లవాడి ముఖంలో కనిపించిన బాధ నిజమైనదే. దానిని చిన్నచూపు చూడడం మాకు ఇష్టం లేదు. గెలిచిన రోజున అందరి అభిమానమూ ఒకేలా ఉంటుంది. తప్పు బయటపడి శిక్ష మాట వచ్చిన రోజున మాత్రం ఎవరి అభిమానం ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఫుట్‌బాల్ చూసేవారికి 2010 జూలై 2 గుర్తుండే ఉంటుంది. జోహన్నెస్‌బర్గులో ఉరుగ్వే, ఘనా జట్ల మధ్య ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్. గెలిస్తే సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టుగా ఘనా నిలిచేది. అదనపు సమయం కూడా ముగిసిపోతున్న క్షణంలో గోలులోకి పోతున్న బంతిని లూయిస్ సువారెజ్ రెండు చేతులతో ఆపాడు. అతడు గోల్‌కీపర్ కాడు. రిఫరీ చేయవలసినదంతా చేశాడు: ఎర్రకార్డు చూపి బయటికి పంపాడు, ఘనాకు పెనాల్టీ ఇచ్చాడు. అసమోవా గ్యాన్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి ఎగిరిపోయింది. తరువాత పెనాల్టీల పోటీలో ఉరుగ్వే గెలిచింది. శిక్ష నిబంధన ప్రకారమే పడింది. మోసానికి ఫలితమూ దక్కింది. ఉరుగ్వేలో అతడు వీరుడయ్యాడు, ఘనాలో దొంగ అయ్యాడు. పన్నెండేళ్ళ తరువాత, 2022 డిసెంబర్ 2న, ఖతర్‌లో అవే రెండు జట్లు మళ్ళీ తలపడ్డాయి. ఉరుగ్వే రెండు గోల్సుతో గెలిచింది. కాని మరో మైదానంలో దక్షిణ కొరియా పోర్చుగల్‌ను ఓడించడంతో రెండు జట్లూ ఇంటిముఖం పట్టాయి. అప్పుడు ఘనా అభిమానులు సంబరం చేసుకున్నారు. తమ జట్టు ఓడిపోయింది, తమ దేశం టోర్నీ నుండి బయటికి వెళ్ళింది. అయినా సువారెజ్ ఏడ్చాడు, అది చాలు వారికి. మా ఇంటి పిల్లలు అది చూసి పడి పడి నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. శిక్ష అప్పుడే పడిపోయినా తీరని కోపం పన్నెండేళ్ళు మనిషి లోపల ఎలా నిలిచి ఉంటుందో అని ఆశ్చర్యం కలిగింది.

అంతకన్నా ప్రసిద్ధమైనది 1986 జూన్ 22 నాటి సంగతి. మెక్సికో నగరంలో ఇంగ్లండుపై మరడోనా చేతితో కొట్టిన గోలు గురించి వినని వారుండరు. ఆ రోజు ఈల పట్టుకున్న రిఫరీ ట్యునీషియా దేశస్థుడు అలీ బిన్ నాసర్ అన్న సంగతి మాత్రం మన ఇళ్ళలో తెలిసినవారు తక్కువ. తనకు చేయి కనబడలేదని, గీత దగ్గరున్న బల్గేరియా అధికారి బొగ్దాన్ దోచెవ్ వైపు చూశానని, ఆయన మధ్యగీత వైపు నడుస్తుంటే గోలు సరైనదేనని అనుకున్నానని ఆయన చెబుతూ వచ్చారు. తప్పు నీదంటే నీదని ఆ ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడిచింది. తప్పు చేసినవాడు మాత్రం సుఖంగా ఉన్నాడు. నాలుగు నిమిషాల తరువాత సగం ఇంగ్లండు జట్టును దాటుకుంటూ వెళ్ళి కొట్టిన రెండో గోలు మొదటి గోలును కడిగేసిందని ఆయన అభిమానులు నేటికీ వాదిస్తారు. నాలుగేళ్ళ ముందు ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో ఇంగ్లండు తమ యువకులను చంపిందని, ఆ చేయి ప్రతీకారమని అన్నవారూ ఉన్నారు. మైదానంలో ఉన్న పదకొండు మంది ఇంగ్లండు ఆటగాళ్ళకు ఆ యుద్ధంతో ఏమి సంబంధమో ఎవరూ అడగలేదు. 2015లో మరడోనా ట్యునీషియాకు వెళ్ళి బిన్ నాసర్ ఇంట కూర్చుని, సంతకం చేసిన చొక్కా కానుకగా ఇచ్చి, ఎప్పటికీ స్నేహితుడివని రాశాడు. ఆ మ్యాచ్ బంతి బిన్ నాసర్ దగ్గరే ఉండేది. 2022 నవంబర్‌లో వేలం వేస్తే అది ఇరవై లక్షల పౌండ్లకు పోయింది.

అభిమానుల తీర్పు ఎంత తలకిందులుగా ఉండగలదో తెలియాలంటే జాక్ గ్లాస్‌మాన్ పేరు చెప్పుకోవాలి. 1993 మే నెలలో ఫ్రాన్సులోని మార్సెయ్ జట్టు ఐరోపా కప్పు ఫైనల్‌కు కొద్ది రోజుల ముందు వాలెన్సియెన్ అనే చిన్న జట్టుతో ఆడవలసి వచ్చింది. తమ ఆటగాళ్ళు అలసిపోకుండా ఉండేందుకు ఆ చిన్న జట్టులోని ముగ్గురికి డబ్బు ఎర చూపారు. ఆ ముగ్గురిలో గ్లాస్‌మాన్ ఒకడు. ఆయన తీసుకోలేదు, పైగా బయటపెట్టాడు. తరువాత ఆ డబ్బు ఒక ఇంటి పెరటిలో పాతిపెట్టి ఉండగా దొరికింది. మార్సెయ్ జట్టు ఫ్రెంచి టైటిల్‌ను కోల్పోయింది, రెండో శ్రేణికి దిగింది. దాని అధిపతి బెర్నార్ తపీ జైలు చూశాడు. మరి అభిమానులు ఏం చేశారు? గ్లాస్‌మాన్ ఏ మైదానంలో అడుగుపెట్టినా ఈలలతో, కేకలతో వేధించారు. 1995లో ఫీఫా ఆయనకు నిజాయితీ ఆటకిచ్చే పురస్కారం ఇచ్చింది గాని, ఆటగాడిగా ఆయన బ్రతుకు అప్పటికే కుంగిపోయింది. తపీ 2021 అక్టోబర్‌లో మరణించినప్పుడు ఆయన శవపేటికను మార్సెయ్ మైదానంలోకి తెచ్చి వేలాదిమంది కన్నీటితో వీడ్కోలు పలికారు. చనిపోయినవారికి గౌరవం చూపడంలో తప్పు లేదు. బ్రతికి ఉన్న గ్లాస్‌మాన్‌కు ఒక్క మంచిమాట చెప్పడానికి ఆ ఊరు ఎన్నడైనా మైదానాన్ని తెరిచిందా అన్నదే మా ప్రశ్న.

ఇవి దూరదేశపు ముచ్చట్లు. మా జిల్లాకు సొంతమైనదీ ఒకటుంది. విజయనగరంలో పుట్టిన పూసపాటి విజయానంద గజపతిరాజును లోకం విజ్జీ అని పిలిచింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు ఆయన నాయకుడు. ఆ పర్యటనలో బ్యాటుతోనూ బంతితోనూ రాణిస్తున్న లాలా అమరనాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపారు. మాంచెస్టరు టెస్టులో విజయ్ మర్చంట్‌ను కావాలని రనౌట్ చేయమని నాయకుడు ముష్తాఖ్ అలీకి చెప్పాడని, ముష్తాఖ్ ఆ సంగతి మర్చంట్‌కే చెప్పి నవ్వుకున్నాడని క్రికెట్ లోకం చెప్పుకుంటుంది. ఆ ఇద్దరూ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారన్నది మాత్రం రికార్డు పుస్తకంలో ఉన్నదే. ముష్తాఖ్ చేసిన 112 పరుగులు విదేశీగడ్డపై భారతీయుడి మొదటి టెస్టు శతకం. తేలిక బంతులు వేయమని ఎదుటి జట్టు నాయకునికి బంగారు గడియారం ఇచ్చాడన్న కథ కూడా ఉంది. 1937 జనవరిలో బోమంట్ సంఘం అమరనాథ్‌ను నిర్దోషి అని, విజ్జీ నాయకత్వం జట్టుకు చేటు చేసిందని తేల్చింది. మా ప్రాంతంలో పెద్దవారు ఈ కథలు చెప్పేటప్పుడు కోపం ఉండదు, ముసిముసి నవ్వు ఉంటుంది. “రాజుగారి సరదా” అంటారు. అదే పని కూలివాడి కొడుకు చేసి ఉంటే దానికి సరదా అనే పేరు దక్కేదా? నెలల తరబడి నింద మోసిన అమరనాథ్‌కు అది సరదాగా ఉండి ఉండదు.

ఇక మా ఇంటిని నిజంగా తాకినది మొహమ్మద్ అజహరుద్దీన్ ఉదంతం.

మా ఊళ్ళో ముస్లిమ్ కుటుంబాలు కొద్దిపాటివే. స్టేషను దారిలో మా అబ్బాజాన్‌కు దర్జీ కొట్టు ఉండేది. మిషను పక్కన స్టూలు మీద రేడియో. 1984 డిసెంబర్ ఆఖరి రోజున కలకత్తాలో మొదలైన టెస్టులో ఇరవై ఒక్క ఏళ్ళ ఆ హైదరాబాదు కుర్రాడు శతకం కొట్టాడు. తరువాతి టెస్టులో ఇంకొకటి, ఆపై మరొకటి. ఆడిన మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు చేసినవాడు లోకంలో అతనొక్కడే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవారు రేడియో దగ్గర నిలబడిపోయేవారు. హైదరాబాదు మాకు ఒక రాత్రి ప్రయాణమంత దూరం, అయినా ఊరంతా “మన అజర్” అనేది. హిందువులు, క్రైస్తవులు, మాంగనీసు గనులలో పనిచేసి వచ్చే కార్మికులు, అందరూ “మన” అనే అన్నారు. పదహారేళ్ళు ఆ మాట మారలేదు.

2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా నాయకుడు హాన్సీ క్రోన్యే ఫోను సంభాషణలు బయటపెట్టారు. జూన్‌లో అక్కడి విచారణ సంఘం ముందు క్రోన్యే, తనను ఒక బుకీకి పరిచయం చేసినది అజహర్ అని చెప్పాడు. నవంబర్‌లో సీబీఐ నివేదిక వచ్చింది. కొన్ని మ్యాచ్‌ల విషయం అజహర్ తమ ముందు ఒప్పుకున్నాడని అందులో ఉంది. ఆయన దానిని ఖండించారు. డిసెంబర్ 5న భారత క్రికెట్ బోర్డు ఆయనకు జీవితకాల నిషేధం విధించింది. ఆ మరునాడు పత్రిక చేతబట్టుకుని కొట్టుకు వచ్చిన పాత ఖాతాదారు ఒకాయన, ఏ దురుద్దేశమూ లేకుండానే, “ఏటి మాస్టారూ, మీవోడు ఇలాగ సేసినాడేటి?” అన్నాడు.

మన అజర్ ఒక్క రాత్రిలో మీవోడు అయ్యాడు.

అబ్బాజాన్ కత్తెర పక్కన పెట్టి, “మొన్నటిదాకా మనవాడే కదండీ” అన్నారు. ఆయన తప్పేమీ కనబడక నవ్వి, కొలతలు ఇచ్చి వెళ్ళిపోయాడు. కాని ఆ రోజు నుండి మా చిన్న చాచా మరో మాట పట్టుకున్నారు: “మన పేరు పెట్టుకున్నవాడు కనుకనే పట్టుకున్నారు.” ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ అదే. ఒక రాత్రి భోజనాల దగ్గర మా అమ్మీజాన్, చదువు అంతగా లేని మనిషి, విసిగిపోయి, “పేర్లు మార్చి చెప్పు, విందాం” అన్నారు. చాచాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు: ఆ పత్రికలో ఇంకెవరి పేర్లున్నాయో చదవమని. చదివారు. అజయ్ శర్మకూ జీవితకాల నిషేధమే. అజయ్ జడేజాకు, మనోజ్ ప్రభాకర్‌కు అయిదేసి సంవత్సరాలు. క్రోన్యేకు తన దేశంలో జీవితకాలం. వీరిలో ఏ ఒక్కరిది మన పేరు కాదు. “అయితే శర్మను ఎందుకు పట్టుకున్నారో చెప్పు” అన్నారు అమ్మీజాన్. ఆ ప్రశ్న రెండువైపులా కోసింది. పేరును బట్టి శిక్షించారని చాచా అంటున్నారు. పేరును బట్టి తప్పు చేశాడని బజారులో కొందరు గుసగుసలాడుతున్నారు. జడేజా తప్పుకు జడేజా ఒక్కడే బాధ్యుడయితే, అజహర్ తప్పుకు చీపురుపల్లి దర్జీ ఎందుకు జవాబు చెప్పాలి?

ఒకరి తప్పుకు మరొకరిని నిలదీయడం జనసమూహానికి కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళింది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం ఇవ్వలేదు. క్రీడల సమాఖ్యలో ఉన్న గురుదత్ సోంధీ అనే భారతీయుడు దానిని ఆక్షేపించాడు. ఆ కోపమంతా మన ఆటగాళ్ళ మీద పడింది. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్‌కు దాదాపు లక్షమంది వచ్చారు. మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు, హేళన. సోంధీ ఏం మాట్లాడాడో పి.కె. బెనర్జీకి గాని, జర్నైల్ సింగ్‌కు గాని ఏమి సంబంధం? ఆ ఇద్దరే చెరొక గోలు కొట్టి 2–1తో బంగారు పతకం తెచ్చారు. ఆ లక్షమందిలో భారతదేశం కోసం చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉన్నదని ఆనాటి ఆటగాళ్ళు చెప్పేవారు. అప్పటికే కాన్సరుతో బాధపడుతున్న రహీమ్ సాహెబ్ మరుసటి సంవత్సరం జూన్‌లో కన్నుమూశారు.

తనవాడి కోసం వాదించే తెగ మనస్తత్వం గురించి మన ధర్మంలో ఒక వృత్తాంతం ఉంది. చాచాకు అబ్బాజాన్ చెప్పినది అదే. దివ్యఖుర్ఆన్‌లో అన్నిసా సూరా 105వ ఆయతు నుండి వచ్చే వాక్యాల అవతరణ సందర్భంగా వ్యాఖ్యాతలు దీనిని చెబుతారు. మదీనాలో ఒక ఇంట కవచం పోయింది. తీసినవాడు బనూ జఫర్ తెగ మనిషి, ముస్లిమ్‌గా చెప్పుకునేవాడు. జాడ తన గుమ్మం దాకా వస్తుందని భయపడి కవచాన్ని ఒక యూదుని ఇంట చేర్చి నేరం అతనిపై మోపాడు. తెగవారంతా కలిసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తమవాడు నిర్దోషి అని గట్టిగా వాదించారు. వారి బాధ మనకు అర్థమయ్యేదే: తెగ పరువు, కొత్తగా నిలదొక్కుకుంటున్న సమాజపు పరువు, అందరి ముందు తమవాడు దొంగగా నిలబడతాడన్న దిగులు. అవతరించిన వాక్యాలు ఆ యూదుని నిర్దోషిత్వాన్ని నిలబెట్టాయి. తెగవారి వకాల్తాను తప్పుపట్టాయి. అబ్బాజాన్ అక్కడితో ఆగలేదు. “అయితే ఒకటి గుర్తుంచుకో. అక్కడ యూదుడికి న్యాయం జరిగింది విచారణ సరిగా జరిగినందువల్ల. అజహర్‌కు కూడా అది కావాలి. తప్పు చేయలేదని నువ్వు ప్రమాణం చేయనక్కరలేదు, సాక్ష్యం చూపించమని అడుగు, చాలు” అన్నారు.

ఆ సాక్ష్యం ప్రశ్న తెగడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టివేసింది. చాచా ఆ సాయంత్రం కొట్టుకు వచ్చినవారందరికీ జిలేబీలు పంచారు. “కోర్టుల్లో ఏటైనా అవుతాది బాబూ” అంటూనే ఆ పాత ఖాతాదారు కూడా ఒకటి తిన్నాడు. తీర్పు చెప్పినది వేరు, వీరిద్దరూ విన్నది వేరు. బోర్డు వేసిన శిక్ష చట్టబద్ధంగా నిలబడదని కోర్టు చెప్పింది. అభిమాని దానిని “ఏ తప్పూ చేయలేదు” అని విన్నాడు, అభిమాని కానివాడు “తప్పించుకున్నాడు” అని విన్నాడు. అజహర్‌కు అప్పటికి 49 ఏళ్ళు. 2000 మార్చిలో బెంగళూరులో 102 పరుగులు చేసిన టెస్టే ఆయనకు తొంభై తొమ్మిదవది, చివరిది. వందో టెస్టును ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. క్రోన్యే సంగతి ఇంకా విచిత్రం: నేరం ఒప్పుకున్నాడు, 2002లో విమాన ప్రమాదంలో పోయాడు, 2004లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఓటింగులో తమ దేశపు మహనీయులలో పదకొండవవాడుగా జనం ఎన్నుకున్నారు. “మనవాడు” అన్న మాటకు అక్కడా అంతే బలం.

ఇప్పుడు అబ్బాజాన్ లేరు. కొట్టులో రెడీమేడ్ బట్టలు వచ్చాయి. “పేర్లు మార్చి చెప్పు” అన్న అమ్మీజాన్ మాట మాత్రం పిల్లలకు ఒక ఆటలా అలవాటయింది. ఎవర్టన్ జట్టుకు 2023 నవంబర్‌లో ఆర్థిక నిబంధనల ఉల్లంఘనకు పది పాయింట్లు కోసినప్పుడు, అభిమానులు మైదానంలో గులాబీరంగు కార్డులెత్తి సంస్థ అవినీతిపరురాలని నినదించారు; అప్పీలులో ఆ పది ఆరుకు తగ్గింది. ఆ వార్త చదివి మా పెద్ద మనవడు వెంటనే, “ఇదే శిక్ష మాంచెస్టరుకు వేస్తే నేను ఏమంటాను?” అని తనలో తానే అనుకున్నాడు. జవాబు పైకి చెప్పలేదు, మేమూ అడగలేదు.

2025 ఏప్రిల్‌లో హైదరాబాదు ఉప్పల్ స్టేడియం ఉత్తర స్టాండుకు ఉన్న అజహరుద్దీన్ పేరు తీసివేయమని అక్కడి క్రికెట్ సంఘం అంబుడ్స్‌మన్ ఆదేశించారు. ఆయన సంఘం అధ్యక్షుడుగా ఉన్న కాలంలో ఆ పేరు పెట్టారని, అందులో స్వప్రయోజనం ఉందని కారణం. అజహర్ హైకోర్టుకు వెళ్ళారు, కోర్టు ఆ ఆదేశం అమలును ఆపింది. ఆ రోజు మా ఇంట మగ్రిబ్ తరువాత పెద్దవాడు పాత పాటే ఎత్తుకున్నాడు: “చూశారా, మళ్ళీ మనవాడే దొరికాడు.”

“పేర్లు మార్చి చెప్పు భయ్యా” అంది చెల్లెలు.

“లక్ష్మణ్ అధ్యక్షుడుగా ఉండి, తన సంఘమే స్టాండుకు తన పేరు పెడితే...” అని మొదలుపెట్టి ఆగాడు. కాసేపటికి, “అయినా 6,215 పరుగులు చేసినవాడికి ఒక స్టాండు ఇవ్వకూడదా?” అన్నాడు. పరుగులు వేరు, ఆ సమావేశంలో అధ్యక్షుడి కుర్చీలో కూర్చోవడం వేరు అంది చెల్లెలు. ఇషా అజాన్ వినబడేదాకా ఇద్దరూ ఒక కొలిక్కి రాలేదు.